ఎండెక్కితే ఆగిపోయే బండి: పాత డీజిల్ ఎస్‌యూవీలో ఈసీఎం మార్చిన కేసు

బండి 2010 మోడల్, ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ. 2.2 లీటర్ల కామన్ రైల్ ఇంజిన్, అంటే రైల్ అనే ఒకే గొట్టం నుంచి ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ ఒత్తిడితో అందుతుంది. మీటరు 2 లక్షల 40 వేల కిలోమీటర్లు దాటింది. ఓనరు హాలియా దగ్గర బత్తాయి తోట ఉన్న రైతు. ఇంటిల్లిపాదీ తిరగడానికీ, వెనక సీట్లు మడిచి కాయ బాక్సులు వేసుకోవడానికీ ఆయనకు ఇదే బండి. నల్లగొండలోని మా వర్క్‌షాప్‌కి టోయింగ్ మీద తెచ్చారు. వచ్చేసరికి పొద్దు గూకింది. సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకు స్టార్ట్ అయింది.

ఆయన చెప్పింది ఇదీ: "పొద్దుగాల మంచిగనే ఉంటది తమ్మీ. ఎండ వడ్డంక నడుస్త నడుస్తనే బంద్ అయితది. అర్ధగంట నీడకు పెడితే మళ్ల స్టార్ట్ అయితది. పిల్లల్ని ఎక్కిచ్చుకొని పోవాల్నంటేనే టెన్షన్ అయితుంది."

మా దగ్గరికి వచ్చేలోపు చాలా పనులు జరిగాయి. డీజిల్ ఫిల్టర్ మార్చారు. ఇంజిన్ తిరగడాన్ని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్ మార్చారు. హై ప్రెజర్ పంపు దించి సర్వీస్ చేయించారు. రిలేలు మార్చారు. ఒకచోట కంప్యూటర్‌లోని తప్పులు చదివే స్కానర్ కూడా సరిగ్గా పెట్టకుండానే "ఈసీఎం పోయింది" అన్నారు. ఈసీఎం అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్. చివరికి ఆ మాటే నిజమైంది. కానీ అది ఎందుకు పోయిందో తేల్చకుండా కంప్యూటర్ ఒక్కటే మార్చి ఉంటే, మార్చిన కంప్యూటర్ కూడా ఇంకో వానాకాలం దాటేది కాదు. ఈ కేసు వివరంగా రాయడానికి కారణం అదే.

ముందు బయటి అనుమానాలు

వేడెక్కితే ఆగి, చల్లారితే స్టార్ట్ అయ్యే డీజిల్ బండి అనగానే ఎవరికైనా ముందు క్రాంక్ సెన్సరే గుర్తొస్తుంది. అందులో తప్పు లేదు. ఆ సెన్సర్ లోపలి కాయిల్ వేడికి తెగి చల్లారాక కలవడం మేం తరచూ చూసేదే. ఈ బండికి వేసిన కొత్త సెన్సర్ మంచిదే. చల్లగా ఉన్నప్పుడూ, ఇంజిన్ వేడి మీదా దాని రెసిస్టెన్స్ చూశాను, ఎక్కడా తెగలేదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు స్కానర్లో ఆర్‌పీఎం వస్తోంది.

మర్నాడు మధ్యాహ్నం దాకా బండిని కావాలనే ఎండలో నిలబెట్టాను. రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. అద్దాలు ఎత్తి, ఇంజిన్ ఐడిల్‌లో వదిలి, స్కానర్ పెట్టుకుని లోపల కూర్చున్నాను. కాసేపటికి ఇంజిన్ ఆగిపోయింది. ఆగిన ఆ క్షణంలో కనిపించినవే ఈ కేసుకు ఆధారం. రైల్ ప్రెజర్ మెల్లగా పడిపోలేదు. ఒక్కసారిగా స్కానరే లింకు తెగిపోయి "కమ్యూనికేషన్ ఎర్రర్" చూపింది. కీ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే డ్యాష్‌బోర్డు మీద గ్లో లైటూ వెలగలేదు, చెక్ లైటూ వెలగలేదు. ఈ బండిలో ఆ రెండు లైట్లనూ వెలిగించేది ఈసీఎమ్మే. సెల్ఫ్ మాత్రం తిరుగుతోంది.

డీజిల్ పంపు ఆగిపోతే స్కానర్ లింకు పోదు. క్రాంక్ సెన్సర్ పోయినా పోదు. ఆ సెన్సర్ తప్పుని చెప్పే పి0335 లాంటి కోడ్ పడుతుంది, స్కానర్ దాన్ని చదివి చూపిస్తుంది. లైట్లు వెలగక, స్కానర్ కలవక, రెండూ ఒకేసారి జరిగాయంటే మిగిలేవి మూడే: కంప్యూటర్‌కి కరెంట్ అందడం లేదు, లేదా ఎర్త్ తెగుతోంది, లేదా కంప్యూటరే లోపల పడిపోతోంది. మొదటి రెండూ లేవని మీటరు మీద చూశాకే మూడోదాని మాట ఎత్తాలి. మా దగ్గరికి "ఈసీఎం పోయింది" అని వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి జబ్బు మొదటి రెండింట్లోనే దొరుకుతుంది.

కరెంటూ ఎర్తూ లోడ్ మీద చూడాలి

స్కానర్ పెట్టే ఓబీడీ కప్లర్ నుంచే మొదలుపెట్టాను. 16వ పిన్నులో బ్యాటరీ వోల్టేజీ ఉంది. 4, 5 పిన్నుల్లో ఎర్త్ ఉంది. బ్యాటరీ తీసి 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓమ్స్ వచ్చింది. బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైనుకి రెండు చివర్లా 120 ఓమ్స్ చొప్పున ఉంటాయి కాబట్టి రెండూ కలిసి 60 చూపడమే సరైన లెక్క. ఈసీఎం కప్లర్ విప్పాక, దాని లోపలి 120 పక్కకు పోయి, అదే కొలత 120కి మారింది. అంటే లైను తెగలేదు, ఒకదానితో ఒకటి తగలలేదు, ఈసీఎం దాకా బాగానే చేరుతోంది.

ఇక కంప్యూటర్ కప్లర్. ఇది బాష్ కంపెనీ ఈడీసీ16 తరం కంప్యూటర్. 154 పిన్నులు, అందులో 94 బండి వైరింగ్ వైపు కప్లర్లో, 60 ఇంజిన్ వైపు కప్లర్లో. ఈ బండిలో అది ఎడమ పక్క డ్యాష్‌బోర్డు కింద ఉంది. సప్లై పిన్నులో మీటరు పెట్టి 12 వోల్టులు చూసి "కరెంట్ వస్తోంది" అనుకుంటే చాలదు. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 చూపిస్తుంది, ఎందుకంటే మీటరు ఆ వైరు మీద ఏ బరువూ వేయదు. అందుకని ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు తీసుకుని, కప్లర్లోని సప్లై పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య పెట్టాను. బల్బు నిండుగా వెలిగింది. దాని రెండు కొసల మధ్య కొలిస్తే బ్యాటరీ వోల్టేజీకీ దానికీ 0.2 వోల్టుల తేడా కూడా లేదు.

ఇక్కడ ఒక మాట. టెస్ట్ లాంప్ సూదిని కప్లర్ పిన్నుల్లోకి గుచ్చి చూసే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. ఆడ పిన్ను ఒక్కసారి వెడల్పయితే మళ్లీ గట్టిగా పట్టదు. ఉన్న జబ్బు దొరక్కపోగా కొత్త జబ్బు తోడవుతుంది. ఆ సైజు మగ టెర్మినల్ ఒకటి వైరుకి వేసి పెట్టుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ఎర్త్ విషయంలో ఒకటి దొరికింది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇంజిన్ బాడీకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య 0.9 వోల్టులు పోతున్నాయి. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి వచ్చే ఎర్త్ పట్టీ తుప్పు పట్టి, సగం పోగులు తెగి ఉంది. దాన్ని మార్చితే 0.1 వోల్టుకి దిగింది. అయితే ఆ పట్టీ మార్చాక కూడా మధ్యాహ్నం బండి అలాగే ఆగింది. మార్చాల్సిన భాగమే, కానీ ఈ ఆగడానికి కారణం అది కాదు.

5 వోల్టుల సాక్ష్యం

ఈ కంప్యూటర్ బయటి సెన్సర్లకు 5 వోల్టుల సప్లై ఇస్తుంది. రైల్ ప్రెజర్ సెన్సర్, బూస్ట్ సెన్సర్, యాక్సిలరేటర్ పెడల్ సెన్సర్ లాంటివన్నీ దాని మీదే నడుస్తాయి. ఏ సెన్సరైనా లోపల షార్ట్ అయితే ఆ 5 వోల్టులు కిందికి పడిపోతాయి, మిగతా సెన్సర్లూ చచ్చినట్టు కనిపిస్తాయి. అప్పుడు చూసేవాళ్లు కంప్యూటర్ పోయిందనే అనుకుంటారు. కొన్ని వందల రూపాయల సెన్సర్ కోసం వేలకు వేలు పోసి ఈసీఎం కొన్నవాళ్లను నేను చూశాను. అందుకే ఈ పరీక్షకు తొందర పడను.

5 వోల్టులు ఒకే లైనులో బయటికి రావు, వేర్వేరు లైన్లుగా వస్తాయి. ఒక లైను మాత్రమే పడితే సెన్సర్నీ వైరునీ అనుమానించాలి. అన్ని లైన్లూ ఒక్కసారే పడి, వాటితో పాటు స్కానర్ లింకు కూడా పోతే అనుమానం కంప్యూటర్ లోపలికి మళ్లాలి.

పరీక్ష ఇలా పెట్టాను. ఈసీఎంకి కరెంట్ అందించే స్విచ్ లాంటి మెయిన్ రిలే స్థానంలో ఫ్యూజు ఉన్న జంపర్ వైరు వేశాను. ఎందుకంటే ఆ రిలేని పట్టి ఉంచేది కూడా ఈసీఎమ్మే. ఈసీఎం పడిపోతే రిలే వదిలేస్తుంది, రిలే వదిలేస్తే ఈసీఎంకి కరెంట్ పోతుంది. ఏది ముందో తేలాలంటే రిలేని పక్కకు తప్పించాలి. ఒక మీటరు ఈసీఎం సప్లై, ఎర్త్ పిన్నుల వెనక నుంచి పెట్టాను. ఇంకోటి రైల్ సెన్సర్ 5 వోల్టుల మీద, మరోటి పెడల్ సెన్సర్ 5 వోల్టుల మీద. ఈసీఎం అల్యూమినియం బాడీని హెయిర్ డ్రయర్‌తో మెల్లగా వేడి చేస్తూ, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తూ ఉన్నాను. హీట్ గన్ వాడకూడదు, దాని వేడికి బాగున్న టంకం కూడా దెబ్బతింటుంది.

బాడీ 58 డిగ్రీల దగ్గరికి రాగానే రెండు 5 వోల్టుల మీటర్లూ ఒకేసారి 1.4కి పడ్డాయి. కాసేపు ఊగి అక్కడే నిలబడ్డాయి. స్కానర్ లింకు పోయింది. సప్లై మీటరు మాత్రం 12.4 దగ్గర కదల్లేదు. అదే స్థితిలో 5 వోల్టులు తీసుకునే సెన్సర్లన్నీ ఒక్కొక్కటిగా విప్పాను. 5 వోల్టులు తిరిగి రాలేదు. తర్వాత బ్యాటరీ తీసి, ఈసీఎం కప్లర్ విప్పి, ఆ వైర్లు ఎర్త్‌కి ఎక్కడైనా తగులుతున్నాయేమో కొలిచాను. ఎక్కడా తగలడం లేదు. మళ్లీ అన్నీ కలిపి టేబుల్ ఫ్యాన్ పెడితే, బాడీ 45 డిగ్రీలకు దిగాక 5.0 వోల్టులు తిరిగొచ్చి స్కానర్ కలిసింది. మళ్లీ వేడి చేస్తే మళ్లీ అదే.

58 డిగ్రీలు ఇలాంటి కంప్యూటర్‌కి ఒక లెక్క కాదు. సాధారణంగా ఇవి అంతకన్నా చాలా ఎక్కువ వేడిని తట్టుకునేలా తయారవుతాయి. మే నెలలో ఎండలో ఆపిన బండి డ్యాష్‌బోర్డు కింద ఆ వేడి మామూలే. ఇక్కడికి వచ్చాకే ఓనరుకి "అన్నా, ఈసీఎమ్మే పోయింది" అని చెప్పాను. మీటర్లు పడిపోవడం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను కూడా. ముందే చాలా డబ్బు పోసిన మనిషి. ఆయన కళ్లతో చూస్తేనే నమ్మకం.

నీళ్లు ఎక్కడివి

కంప్యూటర్ బయటికి తీయగానే కప్లర్ పై అంచు మీద తెల్లటి మరక కనిపించింది. 94 పిన్నుల కప్లర్లో ఒక మూలన రెండు మూడు పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. పైకి చూస్తే వైరింగ్ కట్ట మీద నీటి చారిక అద్దం దాకా పోయింది. "ముందు అద్దం ఎప్పుడన్నా మార్చినవా అన్నా?" అని అడిగితే, రెండేళ్ల కింద రాయి తగిలి పగిలితే మార్చామన్నాడు. అద్దం పేస్టింగ్ ఎడమ మూలన సరిగ్గా పట్టలేదు. వాన పడినప్పుడూ, వాటర్ సర్వీస్ చేయించినప్పుడూ సన్నటి ధార డ్యాష్‌బోర్డు వెనకగా జారి, వైర్ల వెంట నడిచి కప్లర్ మీద దిగుతోంది. కింద మ్యాట్ తడవదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

వానాకాలంలో చేరిన నీళ్లు లోపల చేసిన నష్టం ఎండాకాలంలో బయటపడింది. అందుకే ఎవరికీ నీటి మీద అనుమానం రాలేదు.

కొత్తదా, పాతదా, రిపేరా

ఓనరు ముందు మూడు దారులు పెట్టాను. షోరూంలో కొత్త ఈసీఎం ఆర్డర్ పెట్టొచ్చు. ధర 50 వేలకు దగ్గర చెప్పారు, పాత మోడల్ కాబట్టి ఎప్పుడొస్తుందో గట్టిగా చెప్పలేదు. వచ్చాక ఛాసిస్ నంబరు ఎక్కించడం, తాళాలు నేర్పించడం వాళ్లే చేయాలి. రెండోది, ఉన్నదాన్నే రిపేరు చేయించడం. మూడోది, అదే నంబరు గల సెకండ్‌హ్యాండ్ ఈసీఎం తెచ్చి, పాతదానిలోని డేటా మొత్తం దాంట్లోకి ఎక్కించడం.

రిపేరు దారిని నేనే వద్దన్నాను. మూత సీలు కోసి చూస్తే చిలుం కప్లర్ మొదట్లో ఆగలేదు, పవర్ సప్లై భాగం దాకా పాకింది. బోర్డు పొరల మధ్యకు తడి వెళ్లాక పైన ఎంత బాగా టంకం వేసినా నమ్మలేం. హైవే మీద లారీల మధ్య ఇంజిన్ ఆగితే బ్రేకు బూస్టర్ సాయం పోతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది. పిల్లలు ఎక్కే బండికి "ప్రస్తుతానికి నడుస్తది" అనే రిపేరు నేను చేయను.

ఓనరు మూడో దారి ఎంచుకున్నాడు. దానికి మొదటి షరతు పాత కంప్యూటర్‌లోని డేటా. అది చల్లగా ఉన్నప్పుడు ఇంకా బతికే ఉంది కాబట్టి వెంటనే చదివేయాలి. చిలుం ఇంకొంచెం పాకి పూర్తిగా చచ్చిపోతే పని చాలా కష్టమవుతుంది. ఉదయం చల్లటి వేళ, బెంచ్ మీద ఫ్యాన్ పెట్టి చదివాను. కరెంట్ మీద ఆధారపడకుండా సప్లైకి ఫుల్ చార్జ్ బ్యాటరీ పెట్టాను, మధ్యలో కరెంట్ పోతే రాసే పని సగంలో ఆగి కంప్యూటర్ పాడవుతుంది. కంప్యూటర్‌లోని రెండు మెమరీలు, ఇంజిన్ నడిపే ప్రోగ్రామ్ ఉండే ఫ్లాష్, ఈ బండి సొంత వివరాలు ఉండే ఈఈప్రామ్, రెండూ చదివి, మళ్లీ ఒకసారి చదివి, రెండు ఫైళ్లూ ఒకటేనని పోల్చి చూశాను. ఈఈప్రామ్ ముఖ్యం. సరైన తాళం అయితేనే బండిని స్టార్ట్ కానిచ్చే ఇమ్మొబిలైజర్ సమాచారం ఉండేది అందులోనే. ఫ్లాష్ ఒక్కటే ఎక్కించి బండి స్టార్ట్ అవడం లేదని తలపట్టుకునేవాళ్లు మరిచిపోయేది దీన్నే.

సెకండ్‌హ్యాండ్ ఈసీఎం హైదరాబాద్ ఆటోనగర్లో దొరికింది. లేబుల్ మీద 0281తో మొదలయ్యే 10 అంకెల నంబరు మొత్తం కలవాలి. చివరి మూడు అంకెలు తేడా ఉన్నా "అదే పని చేస్తది" అనేవాళ్లు ఉంటారు, ఆ మాట వినొద్దు. ఏ బండి నుంచి తీశారో కాగితం చూపించమని అడిగాను, బిల్లు తీసుకున్నాను. దొంగ బండ్ల సామాను ఇలాగే చేతులు మారుతుంది కాబట్టి ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. డేటా ఎక్కించకముందే దాన్ని కూడా బెంచ్ మీద 70 డిగ్రీల దాకా వేడి చేసి 5 వోల్టులు నిలబడుతున్నాయని చూసుకున్నాను.

డేటా ఎక్కించాక మూత అతికించడానికి వాడే సిలికాన్ గురించి చెప్పాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడొద్దు. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రాగిని తింటుంది. ఎలక్ట్రానిక్స్‌కి పనికొచ్చే న్యూట్రల్ రకం సిలికాన్ వేసి, ఒక రాత్రంతా ఆరనిచ్చాను.

బిగించేముందు, బిగించాక

చిలుం పట్టిన పిన్నులు కడిగితే సరిపోదు. ఆ టెర్మినల్స్ కత్తిరించి కొత్తవి వేశాను. వైరు లోపలికి చూస్తే పోగులు నల్లబడి ఉన్నాయి, కాబట్టి ఎర్రటి రాగి కనిపించేదాకా వెనక్కి కోసి కొత్త వైరు కలిపాను. కట్టను మలిచి, కప్లర్ కన్నా కిందికి ఒక వంపు ఇచ్చి పైకి తెచ్చాను. రేపు ఎక్కడి నుంచైనా చుక్క దిగినా వంపు దగ్గరే రాలిపోతుంది. ముందు అద్దం మొత్తం తీయించి, పాత పేస్టింగ్ గీకించి, కొత్తగా వేయించాం. అది ఆరాక కంప్యూటర్ ఉండే చోట పాత పేపర్లు పరిచి, పైన నీళ్ల పైపు పట్టాం. పేపర్ తడవలేదు. అప్పుడే ఈసీఎం బిగించాను.

తాళం తిప్పగానే గ్లో లైటు, చెక్ లైటు వెలిగాయి. సెల్ఫ్ కొడితే అదే తాళంతో స్టార్ట్ అయింది. ఈఈప్రామ్ కూడా వచ్చింది కాబట్టి కీ ప్రోగ్రామింగ్ అవసరం పడలేదు.

అయితే ఐడిల్‌లో సన్నగా టకటక వినిపించింది. ఓనరు "ఇది ఎప్పటి నుంచో ఉన్నదే" అన్నాడు. స్కానర్లో ఇంజెక్టర్ కోడ్లు తీసి, ఇంజెక్టర్ల తలల మీద చెక్కిన కోడ్లతో పోల్చి చూశాను. మూడో సిలిండర్ కోడ్ కలవలేదు. ఎప్పుడో ఆ ఇంజెక్టర్ మార్చినవాళ్లు కోడ్ ఎక్కించలేదు. పాత కంప్యూటర్‌లోని మంచితో పాటు ఆ తప్పు కూడా కొత్తదానిలోకి వచ్చింది. ప్రతి ఇంజెక్టర్ తయారీలో వచ్చే చిన్న తేడాని కంప్యూటర్‌కి చెప్పేది ఆ కోడే. సరైనది ఎక్కించాక టకటక తగ్గింది. ఐడిల్‌లో రైల్ ప్రెజర్ 280 బార్ దగ్గర నిలకడగా ఉంది, ఈసీఎం అడిగినంతా వస్తోంది.

రోడ్ టెస్ట్ కావాలనే మిట్టమధ్యాహ్నం పెట్టాను. ఏసీ ఆపి, అద్దాలు ఎత్తి, నల్లగొండ నుంచి హాలియా మీదుగా సాగర్ హిల్ కాలనీ దాకా. స్కానర్లో రైల్ ప్రెజర్, సప్లై వోల్టేజీ రికార్డు అవుతూ ఉన్నాయి. ఒక టీ కొట్టు దగ్గర ఎండలోనే ఆపి, ఇంజిన్ ఐడిల్‌లో వదిలి టీ తాగాం. ఎక్కడా ఆగలేదు.

ఈసీఎం, అద్దం పేస్టింగ్, ఎర్త్ పట్టీ, టెర్మినల్స్, మా కూలీ అన్నీ కలిపి షోరూం చెప్పిన కొత్త ఈసీఎం ధరలో సగం లోపే అయింది. పాత ఈసీఎం మీద "వేడికి ఆగుతుంది, వాడరాదు" అని మార్కర్‌తో రాసి ఓనరుకే ఇచ్చాను. చదివిన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆర్సీ కాపీతో కలిపి జాగ్రత్త పెట్టుకోమన్నాను. అది ఆయన బండి డేటా, మెకానిక్ దగ్గరే ఉండిపోకూడదు. ఇంకొకటి గట్టిగా చెప్పాను: బంపర్‌కో క్యారియర్‌కో వెల్డింగ్ చేయిస్తే ముందు బ్యాటరీ తీయించి, ఈసీఎం కప్లర్లు విప్పించాలి.

ఆ వానాకాలం చివర్లో ఆయన ఆయిల్ సర్వీస్‌కి వచ్చాడు. అడక్కుండానే డ్యాష్‌బోర్డు కింది ప్యానెల్ తీసి కప్లర్ చూశాను. పిన్నులు పొడిగా ఉన్నాయి, మెమరీలో ఫాల్ట్ కోడ్ ఏదీ లేదు. "బత్తాయి బాక్సులు ఏసుకొని రెండుసార్లు హైదరాబాద్ పోయొచ్చిన తమ్మీ, నడిమిట్ల ఎక్కడా ఆగలే" అన్నాడు. ఎర్త్ పట్టీ నట్టు బిగువు చూసి, ఆయిలూ ఫిల్టరూ మార్చి పంపాను.